మోడల్ ఫ్లాట్‌లో మా మరదలు

"వదినా, ఈ గది పాపకి ఇచ్చేద్దాం" అంటూ మరదలు అప్పుడే ఆ మంచం మీద దుప్పటి సర్దేస్తోంది. ఇంకా రేటు కూడా అడగలేదు. ఇవాళ భీమవరంలో తమ్ముడి కోసం చూసిన మోడల్ ఫ్లాట్ (కొనేవాళ్లకి చూపించడానికి బిల్డరు సామానుతో అలంకరించి ఉంచే ఫ్లాట్) సంగతి ఇది.

పక్కనే ఖాళీ ఫ్లాట్, అవే కొలతలు. అందులో తమ్ముడూ, మరదలూ ఇద్దరూ నోరు విప్పలేదు. ఇన్నాళ్లూ అద్దెకున్నవాళ్లకి ఉత్త గోడల మధ్య తమ సంసారం ఊహించుకోవడం కష్టమే. కర్టెన్లు, పసుపు లైట్లు, గోడకో పెద్ద అద్దం ఉంటే అదే గది ఇల్లయిపోతుంది. అలా అలంకరించడం తప్పనను. వాళ్ల మొహాల్లో ఆ సంతోషం చూసి నాకూ ముచ్చటేసింది.

అయినా తమ్ముడి చేత టేపు పెట్టించి పెద్ద గదిలో మంచం కొలిపించాను. పొడవు ఐదున్నర అడుగులే. మామూలు మంచం ఆరు దాటుతుంది కదా! బీరువా అసలు పెట్టనేలేదు. గది పెద్దగా కనిపించాలనేమో. మన ఇళ్లలో బీరువా లేకుండా కుదురుతుందా?

ఇళ్లు కొనేవాళ్లకి రక్షణగా తెచ్చిన 2016 రెరా చట్టంలో మోడల్ ఫ్లాట్ మాట కూడా ఉంది. దాన్ని నమ్మి అడ్వాన్స్ ఇచ్చాక, చూపించింది అబద్ధమై నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. తమ్ముడికి ఇది గట్టిగా చెప్పాను.

ఇక నీళ్లు. చేపల చెరువుల పక్క బోరు నీళ్లు ఉప్పన. వేసవిలో కాలవలు కట్టేస్తే ఏం చేస్తారో బిల్డరు చెప్పలేదు. ఆ వైపు ఈమధ్య కొన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.