జనవరి చలిలో కిల్టు, మొలలో పిడిబాకు: నా అనుభవం

మొన్న శనివారం ఎడిన్‌బరాలో మా ఆఫీసు స్నేహితుడి పెళ్ళి జరిగింది. తోడిపెళ్ళికొడుకుల్లో నేనూ ఒకణ్ణి. అందరికీ ఒకటే డ్రెస్: కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ బట్ట), ముందు వేలాడే తోలు సంచి స్పోరన్, మోకాలి కింది దాకా ఊలు మేజోళ్ళు. వాటికి తోడు నా బెల్టుకి ఒక డర్క్. అది స్కాట్లాండ్ కొండప్రాంతాల పిడిబాకు. పెళ్ళికొడుకు తాతగారిది. కేకు దాంతోనే కోయాలని వాళ్ళింట్లో అనుకున్నారు, మోసుకొచ్చే పని నాకు అప్పగించారు. ఆ రోజు నాకు జరిగింది తలుచుకుంటే కోపం ఇంకా తగ్గలేదు. చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన మనవాళ్ళకి ఇలాంటి పిలుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కిల్టు అద్దెకి తీసుకోవడం తేలికే. నడుము కొలత ప్యాంటు కట్టే చోట కాదు, బొడ్డు దగ్గర తీసుకోవాలి. అంచు మోకాలిచిప్ప మధ్యకి రావాలి. షాపులో కుర్రాడు పాలిస్టర్ కలిసిన తేలిక బట్ట అంటగట్టబోయాడు. చలికాలమైతే ఒప్పుకోకండి. అసలు ఊలు, అదీ గజానికి 16 ఔన్సుల బరువుండేది అడగండి. దొరక్కపోతే 13 ఔన్సులది తీసుకోండి, అంతకంటే తక్కువ వద్దు. 'నీకు క్లాన్ (స్కాట్లాండ్ వంశం) లేదు కదా, ఏ టార్టన్ (వంశానికొకటిగా ఉండే గళ్ళ నమూనా) కడతావు' అని కొందరు అడిగారు. ఫలానావాళ్ళే కట్టాలని చట్టమేమీ లేదు. నేను ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ళ బ్లాక్ వాచ్ అనే టార్టన్ తీసుకున్నాను.

కట్టుకోవడం పంచె అలవాటున్న నాకు పెద్ద పని కాలేదు. ఎనిమిది గజాల బట్ట, కుచ్చిళ్ళన్నీ వెనక్కి, ముందు భాగం సాదాగా ఉంటుంది. లోపలి అంచు పట్టీని ఎడమ పక్కనున్న చీలికలోంచి బయటికి తీసి బిగించాలి, పై అంచు కుడి పక్క పట్టీలకి వస్తుంది. పిన్ను పై పొరకి మాత్రమే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట లాగి చిరుగుతుంది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్ళు చేత్తో కిందికి సవరించుకోవాలి. తోడిపెళ్ళికొడుకుల్లో ఎవరి సాయమూ లేకుండా కట్టుకున్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళలో ఇద్దరికి పట్టీలు నేనే బిగించాను.

చలి గురించి అందరూ భయపెట్టారు. బయట మూడు నాలుగు డిగ్రీలుంది, ఫోర్త్ సముద్రపాయ మీంచి గాలి కోస్తోంది. అయినా నడుము నుంచి తొడల దాకా వెచ్చగానే ఉంది, ఎందుకంటే ఊలు మడతల మధ్య గాలి నిలిచిపోతుంది. చలి తగిలేది మోకాళ్ళకే. బయల్దేరే ముందు వాటికి కొద్దిగా వ్యాజిలిన్ రాయండి. లోపల బిగువైన నిక్కరు వేసుకోండి. 'లోపలేమీ వేసుకోరట కదా' అని పళ్ళికిలించే వాళ్ళకి జవాబు చెప్పనక్కర్లేదు. అసలు భయం జారిపడటం. పాత ఊళ్ళోని రాయల్ మైల్ వీధి రాళ్ళ మీద మంచు పేరుకుంటే తోలు అట్ట బూట్లు నిలవవు. రబ్బరు అట్ట వేయించుకోండి.

ఇక కత్తి. మామూలుగా కనిపించేది కుడి మేజోడులో పిడి మాత్రం బయటికి కనపడేలా దోపుకునే చిన్న కత్తి, దాన్ని స్కీయన్ దూ అంటారు. డర్క్ దానికంటే చాలా పెద్దది, అలుగే అడుగు దాకా ఉంటుంది. చట్టం నేను ముందే చదువుకున్నాను. స్కాట్లాండ్‌లో 1995 నాటి క్రిమినల్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో పదునైన కత్తి ఉంటే నేరం. అలుగు మూడంగుళాలు దాటని, మడిచే జేబుకత్తికి మినహాయింపు ఉంది. ఇంకా సరైన కారణం ఉన్నా, పనికి వాడేదైనా, మతాచారమైనా, జాతీయ దుస్తుల్లో భాగమైనా చట్టం ఒప్పుకుంటుంది. సిక్కుల కృపాణానికి రక్షణ మతాచారం కింద వస్తుంది. జాతీయ దుస్తులు వేసుకున్న మనిషి ఎక్కడ పుట్టాడని చట్టం అడగదు. హై స్ట్రీట్‌లో ఇద్దరు పోలీసులు మాకు ఎదురొచ్చారు. నా బెల్టు వైపు చూశారు, పెళ్ళికొడుక్కి శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయారు.

పోలీసులకి లేని అభ్యంతరం విందు జరిగే హోటల్ గుమ్మంలో సెక్యూరిటీ మనిషికి వచ్చింది. ముందు నలుగురు లోపలికెళ్ళారు, నలుగురి మేజోళ్ళలోనూ కత్తి పిడి కనిపిస్తూనే ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సర్, ఆ కత్తి తీసి ఇవ్వండి."

"వాళ్ళ దగ్గరున్నవీ కత్తులే కదా?" అన్నాను.

"వాళ్ళది వాళ్ళ డ్రెస్. మీది ఫ్యాన్సీ డ్రెస్."

వెనక పెళ్ళికూతురి బంధువులు లైన్లో ఉన్నారు. అందరూ విన్నారు. పక్కకి జరిగి ఇనప కటకటాల దగ్గర నిలబడమన్నాడు, ఐడీ అడిగాడు. కటకటాల దగ్గర గాలికి వేళ్ళు కొంకర్లు పోయాయి, బెల్టు బకిల్ ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. డర్క్ పిడి చివర పసుపుపచ్చ రాయి పొదిగి ఉంది, ముట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. పాతకాలపు డర్క్‌లకి ఒర మీదే చిన్న చాకూ, ఫోర్కూ అమర్చి ఉంటాయి, భోజనానికి వాడుకునేవాళ్ళు. అతను వాటిని కూడా బయటికి లాగించి, పుస్తకంలో 'మూడు ఆయుధాలు' అని రాసుకున్నాడు. ఫోర్కుని ఆయుధమని రాశాడు! నేను సెక్షన్ నంబరుతో సహా చెప్పాను. "అదంతా పోలీసులకి చెప్పుకోండి" అన్నాడు. అతిథులు ఒక్కొక్కరూ నన్ను చూస్తూ లోపలికెళ్తున్నారు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, పన్ను కడుతున్నాను, ఇలా దొంగలా ఎవరూ నన్ను నిలబెట్టలేదు.

హోటల్ వాళ్ళ సొంత స్థలం, కత్తులు వద్దని నియమం పెట్టుకునే హక్కు వాళ్ళకి ఉంది. పెట్టుకుంటే అందరికీ పెట్టాలి. నలుగురిని వదిలి ఒక్కణ్ణి ఆపితే అది నియమం కాదు, మొహం చూసి వేసిన లెక్క.

పెళ్ళికొడుకు నాన్నగారు సంగతి తెలిసి బయటికి వచ్చారు. కోటు కూడా లేదు. ఒక్కమాటా గట్టిగా అనలేదు. "ఇతను లోపలికి రాకపోతే నేనూ ఇక్కడే ఉంటాను" అని నా పక్కన కటకటాలకి ఆనుకుని నిలబడ్డారు. అప్పుడుగానీ మేనేజరు పరుగెత్తుకు రాలేదు. ఆయన గొంతు తగ్గించి నా చెవిలో సారీ చెప్పాడు. 'అవమానం అందరి ముందూ జరిగింది, సారీ కూడా అందరి ముందే చెప్పండి' అన్నాను. చెప్పలేదు. నాన్నగారు డర్క్ తీసుకుని తన చేతుల్తో నా బెల్టుకి కట్టారు. కేకు దగ్గరికి దాన్ని నేనే తీసుకెళ్ళాను.

ఈ దేశానికి ఈ బాధ తెలియనిది కాదు. 1746లో కలోడెన్ యుద్ధంలో కొండప్రాంతాల తిరుగుబాటుదారులు ఓడాక, అక్కడి దుస్తులు కట్టడాన్నే బ్రిటిష్ ప్రభుత్వం నేరం చేసింది. మొదటిసారి పట్టుబడితే 6 నెలలు జైలు, రెండోసారైతే 7 ఏళ్ళు ద్వీపాంతరం. 1782 దాకా ఆ చట్టం ఎత్తేయలేదు. అలాంటి బట్టని ఒక పరాయివాడు ప్రేమగా అడిగి కట్టుకుంటే సంతోషించాలి.

మనవాళ్ళకీ ఒక మాట. 'వాళ్ళ వేషాలు మనకెందుకు, నీకలాగే జరగాలి' అన్నాడు ఇక్కడే ఉండే ఒక అన్న. పోయిన ఉగాదికి ఇదే పెళ్ళికొడుకు పంచె కట్టుకుని వస్తే కండువా కప్పి ఫోటోలు దిగింది ఆ అన్నే. 'నువ్వు ఏ ఊరివాడివి' అని అతన్ని మనలో ఎవరూ అడగలేదు.

మీకు ఇలాంటి పిలుపు వస్తే విందు జరిగే చోటుకి ముందే మెయిల్ రాసి, కత్తి తేవచ్చని జవాబు రాతలో తెప్పించుకోండి. పూర్తి డ్రెస్ మీదే కత్తి పెట్టుకోండి, జీన్స్ మీద బెల్టుకి తగిలిస్తే చట్టం మిమ్మల్ని కాపాడదు. మందు మొదలయ్యాక తీసి ఇంటివాళ్ళకి అప్పగించండి. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే వేయాలి. కిల్టు తడిస్తే డ్రయ్యర్‌లో పడేయకుండా వేలాడదీసి ఆరబెట్టండి.

నేను సోమవారమే హోటల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. లైన్లో నిలబడి చూసిన ఇద్దరు సాక్షిగా సంతకాలు పెట్టారు. అడిగింది డబ్బు కాదు, ఆ పుస్తకంలో 'మూడు ఆయుధాలు' అన్న లైను కొట్టేసి, దాని కాపీ నాకు పంపమన్నాను.