నల్లగా మెరిసేదే కావాలి

సొరచేప శిలాజ పళ్ల కోసం వెతికేటప్పుడు తెల్లటివాటిని నేను పట్టించుకోను. మట్టిలోని ఖనిజాలు చేరి పాతవి నల్లగానో బూడిదరంగులోనో మారతాయి. తుపాను వెలిశాక, ఆటు సమయంలో, గులకరాళ్లు పేరుకున్న గీత వెంబడి వంగి నడుస్తాను. ఎండ ఏటవాలుగా పడితే పంటి పింగాణి నిగనిగలాడుతుంది. మామూలు నల్లరాయికి ఆ మెరుపు ఉండదు. అది కనిపించిందా, నడుము నొప్పి గుర్తే రాదు!

సొరచేప అస్థిపంజరమంతా మృదులాస్థి, త్వరగా చివికిపోతుంది. పళ్లు మాత్రం బతికినంత కాలం వేల సంఖ్యలో రాలుతూనే ఉంటాయి. ఒకప్పుడు యూరప్‌లో వీటిని రాతి నాలుకలనుకునేవారు. 1667లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికోలస్ స్టెనో ఇవి సొరచేప పళ్లేనని వాదించాడు.

అందరికీ అంతరించిపోయిన భారీ సొరచేప మెగలోడాన్ పన్నే కావాలి. నాకేమో చిటికెన వేలి గోరంత సాండ్ టైగర్ అనే సొరచేప పన్ను చాలు, పక్కనుండే చిన్న మొనలు విరగకుండా ఉంటే మరీ ఇష్టం.