జెరూసలేం వంటింట్లో పొయ్యి వెలిగించే మనిషి

జెరూసలేంలో మేం దిగిన హోటల్లో రాత్రిపూట మాంసాహారం వడ్డించేవారు. నేను శాకాహారిని, నా పళ్ళెంలో అన్నం, కూరగాయలే. అయినా భోంచేశాక టీలోకి పాలడిగితే కుదరదన్నారు. ఆ పూట ఆ హాల్లోకి పాలచుక్క రాకూడదు. పొద్దున టిఫిన్ వేళకి లెక్క తిరగబడేది: పెరుగు, రకరకాల చీజ్‌లు, గుడ్లు, చేప ఉండేవి, మాంసం జాడే లేదు. మేకపిల్లను దాని తల్లిపాలలో వండకూడదని యూదుల ధర్మగ్రంథం తోరాలో మూడుచోట్ల వచ్చే ఒక్క వాక్యం మీద నిలిచిన ఏర్పాటిది. ఇలా యూదుల నియమాలకు లోబడిన తిండిని కోషర్ అంటారు. గిన్నెలు రెండు జతలు. మాంసం తిన్నాక చాలామంది ఆరు గంటలు ఆగితే గానీ పాలు ముట్టరు. మా అమ్మమ్మ మడి చూసి పెరిగినదాన్ని, ఇదేమీ వింతగా తోచలేదు. వింతల్లా మడిని కనిపెట్టుకుని ఉండడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడం!

ఆయన్ని మష్గియఖ్ అంటారు. గైడు పుణ్యమా అని ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళనిచ్చారు. వంటవాళ్ళు ఎక్కువమంది అరబ్బులు. కూరలు తరిగి, గిన్నెలు పెట్టి అంతా సిద్ధంగా ఉంది, పొయ్యిలే వెలగలేదు. మష్గియఖ్ వచ్చి ఒక్కో బర్నరూ ముట్టించాకే పని మొదలైంది. వంటలో యూదుల చెయ్యి ఉండాలన్నది నియమం. యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల సంప్రదాయంలో మంట ముట్టిస్తే సరిపోతుంది. స్పెయిన్, మధ్యప్రాచ్యం వైపు మూలాలున్న సెఫార్దీలకు అది చాలదు, గిన్నె పొయ్యి మీద పెట్టడం కూడా యూదులే చెయ్యాలి.

ఆయన పొద్దంతా గడిచేది మాత్రం ఆకుకూరలతోనే. నిషిద్ధమైన పంది, రొయ్య వంటింటి గడపే తొక్కవు, వాటితో పేచీ లేదు. పేచీ పెట్టేది పురుగు. కంటికి కనిపించే పురుగేదీ తినకూడదు కనుక, లెట్యూస్‌ను సబ్బునీళ్ళలో నానబెట్టి, కడిగి, కింద దీపం వెలిగే గాజుపలక మీద ఒక్కో ఆకూ పరిచి చూశాడాయన. గుడ్లు కూడా ఒక్కొక్కటే గ్లాసులో కొట్టి, నెత్తుటిచుక్క లేదని చూసుకున్నాకే గిన్నెలో పోయించాడు. ఈ బాధ తగ్గించడానికి వలకప్పిన గ్రీన్‌హౌసుల్లో పెంచే ఆకుకూరలను గుష్ కతీఫ్ ఆకులంటారు. గుష్ కతీఫ్ అనేది గాజాలోని యూదుల కాలనీల సముదాయం. 2005లో ఇజ్రాయెల్ దాన్ని ఖాళీ చేయించింది. ఊళ్ళు పోయాయి, పేరు మాత్రం లెట్యూస్ సంచుల మీద మిగిలింది.

మహానే యెహూదా బజారులో తినుబండారాల కొట్లలో గోడకు ఫ్రేము కట్టిన కోషర్ పత్రం కనిపిస్తుంది. చీఫ్ రబ్బినేట్ (యూదు మతగురువులైన రబ్బీల ప్రభుత్వ సంస్థ) పత్రం లేనిదే కోషర్ అని రాసుకోకూడదని 1983లో చట్టం చేశారు. కొందరికి అదీ ఆనదు, మరింత నిష్ఠగల రబ్బీల సంఘం ముద్ర కూడా ఉంటేనే కొంటారు. మనలాంటి శాకాహారులకు పనికొచ్చేది హలవీ, అంటే పాల పదార్థాలు అన్న బోర్డు. అక్కడ కోడితో సహా ఏ మాంసమూ ఉండదు. నిశ్చింతగా కూర్చోకండి: వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు, సలాడ్‌లో ట్యూనా రావచ్చు. కోషర్ చీజ్‌లోనూ పాలు గడ్డకట్టించడానికి దూడ పొట్టనుంచి తీసిన రెన్నెట్ వాడొచ్చు. అడిగి తినాల్సిందే.

వచ్చేముందు మష్గియఖ్‌ని, జీతం ఎవరిస్తారని అడిగాను. హోటలే అన్నాడు. మరి వాళ్ళ తప్పు వాళ్ళ ముందే ఎలా పట్టుకుంటారన్నాను. పత్రం పోతే పెళ్ళిళ్ళూ, టూరిస్టు బృందాలూ పోతాయి, అందుకే నా మాట చెల్లుతుందన్నాడు. నాకు పూర్తిగా మింగుడుపడలేదు. పెద్ద హోటల్ సంగతి సరే, నాలుగు బల్లల చిన్న కొట్టులో, పూటకో అరగంట వచ్చిపోయే మనిషి మాట అంతగా చెల్లుతుందా? తనిఖీకి వచ్చేవాడి చేతిలో తనిఖీ చేయించుకునేవాడే డబ్బు పెట్టడం మీద ఇజ్రాయెల్‌లోనూ ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. జీతం కొట్టువాడి నుంచి కాకుండా పత్రమిచ్చే సంస్థ నుంచే రావాలనే వాళ్ళ వైపే నేనూ.