ఏ సుబ్బారావు గారు? మూడో నెల పని

మూడో నెల ముగిసేసరికి నా డబ్బాలో 34 కార్డులు చేరాయి. అన్నిటి మీదా పేరు ఒక్కటే, సుబ్బారావు. మా తాతగారి పేరూ అదే. ఆ పేరుతో ఎంతమంది పెద్దలు ఉన్నారో చూద్దామని మొదలుపెట్టిన పని ఇది.

ఈ నెలంతా ఒక తప్పు దిద్దుకోవడానికే సరిపోయింది. ఇంగ్లీషు పుస్తకాల సూచికల్లో ‘ఎన్. సుబ్బారావు’ అని కనిపించిన చోటల్లా రాసుకుని, ఆ నాలుగు కార్డులనూ ఒకే మనిషివిగా కట్టగట్టాను. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో రెండు శనివారాలు కూర్చుని తెలుగు పుస్తకాలు తిరగేస్తే, అందులో ముగ్గురు తేలారు. న్యాపతి వారు 1878లో మద్రాసులో ‘ది హిందూ’ పత్రికను స్థాపించిన ఆరుగురిలో ఒకరు. నండూరి వారు ఎంకికి ప్రాణం పోసిన కవి. మూడోవారు భావకవి నాయని సుబ్బారావు. ఇంటిపేరును పొడి అక్షరం చేస్తే మన పేరులో అసలు గుర్తే పోతుంది. ఇకపై కార్డు పైవరుసలో ఇంటిపేరు, అదీ తెలుగులో, పూర్తిగా రాస్తాను.

పుట్టిన సంవత్సరంతో వేరుచేయవచ్చని అనుకున్నాను గానీ, అదీ కుదరలేదు. 1856లోనే న్యాపతి వారూ, దివ్యజ్ఞాన సమాజంలో పేరుపొందిన తల్లాప్రగడ వారూ పుట్టారు. 1895లో నండూరి వారూ, భీమవరంలో జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ వారూ.

యల్లాప్రగడ వారి కార్డు ఒక్కటి చాలక మూడయ్యాయి. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించిన, ఫాస్ఫరస్‌ను కొలిచే పరీక్ష ఒకదాని మీద, ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు మరోదాని మీద ఉన్నాయి. మూడో కార్డును ఆయన పేరు మీదుగా పిలిచే శిలీంధ్రం సుబ్బరోమైసిస్‌కే కేటాయించాను. మన ఊళ్లలో పిలుచుకునే పేరు జీవశాస్త్రంలో ఒక ప్రజాతికి నిలిచిందంటే ఆ కార్డు తీసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వెతికేవారికి ఒక మాట. ఇంగ్లీషులో ‘రావు’ను ఒక్కో తీరుగా రాశారు. యల్లాప్రగడ, తల్లాప్రగడ వారి పేర్ల చివర ‘ఓ, డబ్ల్యూ’ అక్షరాలుంటాయి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా వారి పేరులో ‘ఏ, ఓ’. అందుకే సూచికలో రెండు చోట్లా చూడాలి.

కార్డులు 5 అంగుళాలు, 3 అంగుళాలవి. సంవత్సరాన్ని ముందు పెన్సిల్‌తో రాస్తాను; రెండు పుస్తకాలు ఒకే మాట చెబితేనే సిరా. అట్టపెట్టెలో వానాకాలం చెమ్మకు అంచులు వంగిపోవడంతో బిస్కెట్ల రేకు డబ్బాకు మారాను.

ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్మే పెద్దాయన, పేరు చెప్పగానే, “ఏ సుబ్బారావు గారండీ?” అని అడిగారు. కోకా వారు అన్నాను. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు, ఆ తరువాత ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీ, రెండూ 1967లోనే. వాటి మీద తెలుగులో ఏదైనా దొరికితే పక్కన పెడతానన్నారు. ఉస్మానియాలో తెలుగు చెప్పిన రాయప్రోలు వారి కార్డులో ఇంకా రెండు తేదీలు పెన్సిల్‌తోనే ఉన్నాయి. వచ్చే శనివారం వాటి పని.