అక్క పెళ్లి ఫొటోలు, నాలుగు ఖాళీ సీడీలు

2001లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ సీడీ రైటర్ కొన్నాను. 8ఎక్స్ స్పీడు, 2 ఎంబీ బఫర్ (కంప్యూటర్ పంపే డేటాను సీడీ మీద రాసేలోపు కాసేపు నిలవ ఉంచే మెమరీ). స్కాన్ చేసిన అక్క పెళ్లి ఫొటోలను సీడీలో వేసిస్తే బావగారు అమెరికా పట్టుకెళ్తారు. అదీ పని.

మొదటి సీడీ 60 శాతం దగ్గర 'బఫర్ అండర్‌రన్' (బఫర్ ఖాళీ అయిపోయింది) అని ఆగిపోయింది. రెండోది 80 దాటాక. అలా ఆగిన సీడీ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మూడోది కూడా పోయాక రైటర్ తీసుకుని షాపుకెళ్లాను. అక్కడి కుర్రాడు నా ముందే ఒకటి రైట్ చేసి చూపించాడు. "డ్రైవ్ బాగానే ఉంది సార్, మీ సిస్టమే అందించలేకపోతోంది" అన్నాడు.

జిలేబీలు వేయడం చూసే ఉంటారు. గుడ్డలో పిండి అయిపోతే చుట్టు మధ్యలో తెగిపోతుంది. రైటర్‌లోని లేజర్ కూడా లోపలి నుంచి బయటికి ఒకటే చుట్టుగా రాస్తూ పోతుంది, బఫర్‌లో డేటా అయిపోతే అదీ మధ్యలో తెగిపోతుంది. 8ఎక్స్ అంటే సెకనుకు 1200 కేబీ. 2 ఎంబీ బఫర్ రెండు సెకన్లకు కూడా చాలదు. ఆ కాస్తలో స్క్రీన్‌సేవర్ లేచినా చాలు, సీడీ పోయినట్టే.

స్పీడు తగ్గించమని అందరూ చెప్పేవారు. తగ్గిస్తే మేలే, కానీ అసలు జబ్బు నా దగ్గర వేరే ఉంది. విండోస్ 98 డివైస్ మేనేజర్‌లో హార్డ్ డిస్క్‌కు డీఎంఏ (ప్రాసెసర్‌కు భారం లేకుండా డేటాను నేరుగా మెమరీకి చేర్చే పద్ధతి) టిక్కే లేదు. పైగా హార్డ్ డిస్కూ రైటరూ ఒకే ఐడీఈ కేబుల్ (డ్రైవ్‌లను మదర్‌బోర్డుకు కలిపే వైరు) మీద ఉన్నాయి, ఒకదాని కోసం ఇంకోటి ఆగాలి. టిక్ పెట్టాను. జంపర్ (డ్రైవ్ వెనక పిన్నులకు తగిలించే చిన్న క్లిప్) మార్చి రైటర్‌ను రెండో కేబుల్‌కు తగిలించాను. వందల చిన్న ఫైళ్లను అప్పటికప్పుడు వెతికి అందించడం కూడా భారమే కాబట్టి ముందు అన్నింటినీ ఒక ఇమేజ్ ఫైల్‌గా, అంటే సీడీలోకి వెళ్లేదంతా ఉన్న ఒకే పెద్ద ఫైలుగా చేద్దామనుకున్నాను. 600 ఎంబీ ఖాళీ కోసం తమ్ముడి గేములు రెండు తీసేయాల్సి వచ్చింది. వాడు రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత డీఫ్రాగ్, అంటే డిస్క్‌లో ముక్కలుగా ఉన్న ఫైళ్లను ఒకచోటికి చేర్చడం.

ఈసారి నేరుగా రైట్ చేయకుండా సీడీలు రైట్ చేసే నీరో సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ పెట్టాను. అన్నీ అసలు రైటింగ్‌లాగే జరుగుతాయి, లేజర్ మాత్రం సీడీని కాల్చదు. 8ఎక్స్‌లో మళ్లీ అదే ఎర్రర్! చూస్తే యాంటీవైరస్ ఆపడం మర్చిపోయాను. అది ఆపి, టెన్షన్ ఎందుకని 4ఎక్స్‌కు దింపి ఇంకోసారి చూశాను. ఆగకుండా పూర్తయింది.

అప్పుడు అసలు రైటింగ్. 17, 18 నిమిషాలు మౌస్ కూడా ముట్టుకోలేదు. నాలుగో సీడీ నిక్షేపంగా వచ్చింది. ఇమేజ్ ఎలాగూ ఉంది కదా అని అదే ఊపులో పెద్దమ్మకు ఇంకో కాపీ తీసి, ఆ తర్వాతే తమ్ముడి గేములు మళ్లీ ఎక్కించాను.