పంపు మార్చే ముందు కమోడ్‌లో నీళ్లు పోసి చూడండి

పోయిన నెల ఒక బోటులో వాక్యూమ్ టాయిలెట్ పని నాలుగు రోజులు పట్టింది. చేపల బోటు కాదు, రెండు క్యాబిన్లు, రెండు టాయిలెట్లు ఉన్న ప్రైవేటు మోటారు బోటు. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా కనిపించే చోట కట్టి ఉంది. నేను వెళ్లేసరికే వేరే మెకానిక్ పంపు మార్చేశాడు, ఓనరు గారు దానికి బాగానే డబ్బు పెట్టారు, అయినా నెల తిరగకుండానే మళ్లీ అదే బాధ మొదలైంది.

బాధేమిటో రాత్రుళ్లు బోటులో కాపలా పడుకునే కుర్రాడు చెప్పాడు. "రాత్రంతా కునుకు లేదన్నా, ఎవులూ వెళ్లకపోయినా పది నిమిషాలకోసారి పంపు గుర్రుమంటాది." తెల్లారేసరికి బ్యాటరీ కూడా దిగిపోతోందట.

వాక్యూమ్ టాయిలెట్ అంటే మన వైజాగ్ నుంచి వందేభారత్‌లో సికింద్రాబాద్ వెళ్లినవాళ్లకి తెలిసే ఉంటుంది, బటన్ నొక్కగానే సర్రున లాగేస్తుందే, అదే పద్ధతి. బోటులో ఒక పంపు చిన్న ట్యాంకులోంచి, పైపుల్లోంచి గాలి తోడేసి ఉంచుతుంది. ఈ బోటులో ఉన్న రకంలో అది దాదాపు 10 అంగుళాల పాదరసం మట్టం, అంటే లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పెడల్ తొక్కితే కమోడ్ అడుగున వాల్వు తెరుచుకుంటుంది, బయటి గాలే ఉన్నదంతా లోపలికి తోసేస్తుంది. అందుకే ఒక్కసారికి లీటరు లోపు నీళ్లు చాలు. వాక్యూమ్ తగ్గితే స్విచ్చి పంపుని మళ్లీ నడిపిస్తుంది. ఎవరూ వాడకుండా పంపు నడిచిందంటే ఎక్కడో గాలి చొరబడుతోందని అర్థం. పంపు అసలు ఆగకుండా నడుస్తుంటే పెద్ద లీకో, స్విచ్చి పోవడమో, పంపే లాగలేకపోవడమో అయి ఉంటుంది. కానీ ఆగి మళ్లీ మొదలవుతోందంటే పంపు లాగగలుగుతోంది, లాగింది నిలవడం లేదు. ఈ తేడా చూడకుండా ముందే పంపు మార్చడం నాకు అస్సలు నచ్చదు, అది ఓనరు డబ్బుని నీళ్లపాలు చేయడమే.

నేను మొదట చేసిన పని రెండు కమోడ్లలోనూ కాసిని నీళ్లు పోసి వదిలేయడం. పొద్దున చూస్తే ముందు క్యాబిన్‌లో నీళ్లు అలాగే ఉన్నాయి, వెనక క్యాబిన్ కమోడ్ ఎండిపోయింది, అంటే దాని అడుగు వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. ఆ వాల్వు రబ్బరు సీలు మీద గట్టి తెల్లటి పెచ్చు కట్టి ఉంది. మూత్రంలోని ఉప్పులు, నీళ్లలోని సున్నం కలిస్తే వచ్చేది అదే, సముద్రపు నీళ్లతో ఫ్లష్ చేసే బోట్లలో ఇంకా తొందరగా కడుతుంది. మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి సీలు మార్చాను. దయచేసి దాని మీద బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పోయకండి, రబ్బరు పాడైపోతుంది.

పది నిమిషాల వ్యవధి యాభై నిమిషాలైంది. కుర్రాడు సంతోషించాడు కానీ నాకు తృప్తి లేదు, ఈ రకం టాయిలెట్లలో ఫ్లష్ చేయకపోతే కనీసం మూడు గంటలు పంపు కదలకూడదు. రెండో రోజు టాయిలెట్ల నుంచి వాక్యూమ్ ట్యాంకుకి వచ్చే పైపు విప్పి ట్యాంకు నోటికి బిరడా బిగించాను. అయినా అదే యాభై నిమిషాలు. అంటే టాయిలెట్లు, వాటి పైపులు అన్నీ బాగున్నట్టే, లీకు ట్యాంకు దగ్గరో పంపు దగ్గరో ఉంది. క్లిప్పులన్నీ బిగించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూశాను, నురగ ఎక్కడా లోపలికి పోలేదు.

ఇక మిగిలింది పంపులోని డక్‌బిల్ వాల్వులు. బాతు ముక్కులా రెండు రబ్బరు పెదవులుంటాయి, ఒకవైపే తెరుచుకోవాలి. విప్పితే, కొత్త పంపే కదా, బయటకి పోయే వైపు వాల్వు పెదవులు వెనక్కి తిరగబడి ఉన్నాయి! మార్చి బిగిస్తే అప్పటికి పని అయిపోయేదే. కానీ నెల రోజుల్లో రబ్బరు అలా తిరగబడిందంటే అవతలి నుంచి ఏదో గట్టిగా నెట్టి ఉండాలి.

అవతల ఉన్నది మలం నిలవ చేసే ట్యాంకు. డెక్ మీద దాన్ని ఖాళీ చేసే మూత కొద్దిగా వదులు చేశానో లేదో బుస్సుమని గాలి వచ్చింది. ట్యాంకు ఊపిరి తీసుకోవడం లేదన్నమాట. ఫ్లష్ చేసిన ప్రతిసారీ నీళ్లకన్నా గాలే ఎక్కువ వెళుతుంది, ఆ గాలి వెంట్ గొట్టంలోంచి బయటకి పోవాలి. కిందికి దిగి బోటు పక్కన చూస్తే వెంట్ జాలీ రంధ్రాలన్నీ రంగుతో పూడుకుపోయి ఉన్నాయి. పోయినసారి బోటుని రిపేరుకి నీళ్లలోంచి పైకి లాగి స్లిప్పు ఎక్కించినప్పుడు జాలీ మీద టేపు వేయకుండా రంగు కొట్టేశారు. పాత పంపుని, కొత్త పంపుని పాడు చేసింది ఇదేనని నా నమ్మకం. వెంట్ మూసుకుపోయిన ట్యాంకుని గట్టిగా తోడితే ట్యాంకే లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు ఒక మాట చెబుతాను. పంపు విప్పే ముందు కరెంటు ఆపండి, పెడల్ తొక్కి వాక్యూమ్ వదిలేయండి, కిటికీలూ, డెక్ మీది హాచ్ తలుపులూ తెరవండి, ఒంటరిగా చేయకండి. ఆ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కాసేపటికి వాసన తెలియడం మానేస్తే గ్యాసు పోయిందనుకోకండి, అది ముక్కునే మొద్దుబారుస్తుంది.

జాలీ మార్చి, వెంట్ గొట్టం కడిగి, వాల్వులు కొత్తవి వేశాను. బిరడా తీసి పైపు బిగించి, రెండు కమోడ్లలో మళ్లీ నీళ్లు పోసి, సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చేశాను. పొద్దున ఆరింటికి కుర్రాడి ఫోను. "అన్నా, రెండుసార్లే మోగింది. రెండో సారి నేనే వెళ్లాను."