హాంకాంగ్ కూరగాయల సంతలో నా గ్రాంథికం

హాంకాంగ్ వచ్చిన కొత్తలో, ఇక్కడివాళ్లు మాట్లాడే కాంటనీస్ కోసం నేను పట్టుకున్నది పాప ఒకటో తరగతి వాచకం. దాని రికార్డింగ్ విని, తెలుగు లిపిలో రాసుకుని బట్టీ కొట్టాను. అతను అంటే 'థా', కాదు అంటే 'పత్ సీ'. నెల తిరక్కుండా కూరగాయల సంతలో, ఆ సంచీ నాది కాదని చెప్పాల్సి వచ్చి ధైర్యంగా 'పత్ సీ' అన్నాను. అమ్మే ఆవిడ పక్క కొట్టావిడను పిలిచి మరీ నవ్వింది. రైతుబజారులో నిలబడి 'ఈ వంకాయలు కొనజాలను' అన్నట్టుందన్నమాట.

ఆఫీసులో పక్క సీటాయన విషయం విడమర్చాడు. రాసేది ఒకటి, అనేది ఇంకొకటి. నోట్లో 'పత్ సీ' ఉండదు, 'మ్ హై' ఉంటుంది. 'థా' కాదు, 'ఖొయ్'. ఆ రాత్రే నోట్‌బుక్‌లో రెండు వరసలు గీశాను.

మెట్రో తలుపులు మూసుకునేటప్పుడు 'ఛింగ్ మత్...' అని వినిపిస్తుంది, తలుపుల దగ్గరికి రావద్దని. ఆ 'మత్' మన 'వలదు' లాంటిది, ఇంట్లో ఎవరూ అనరు, 'మ్ హో' అంటారు. (హిందీ 'మత్' పుణ్యమా అని నాకు ఒక్కసారికే గుర్తుండిపోయింది.) పొగ వద్దనే బోర్డు మీదా అదే 'మత్'. మన బస్సుల్లో 'పొగ త్రాగరాదు' గుర్తొచ్చి నవ్వుకున్నాను. మనం పొగ తాగుతాం, వీళ్ల వాడుకలో పొగ 'తింటారు', 'సిక్ యిన్'.

అసలు తికమక ఈ 'సిక్' దగ్గరే. తినడానికి పుస్తకంలో 'హెక్', నోట్లో 'సిక్'. కాబట్టి 'సిక్' బజారు మాట అనుకున్నాను. తీరా చూస్తే కన్ఫ్యూషియస్ సూక్తుల్లో ఉన్న పాత మాట అదే! మన గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడిన రోజుల్లోనే, 1919 ప్రాంతంలో, చైనాలోనూ గ్రాంథికం వదిలేయాలన్నారు. కానీ రాతకెక్కింది ఉత్తరాది వాళ్ల వాడుక. కాంటనీస్ వాళ్లకు అది ఇంకో గ్రాంథికమై కూర్చుంది. పాపం, ఉద్యమం గెలిచినా వీళ్లకు దక్కిందేమీ లేదనిపించింది.

నోట్‌బుక్ నిండటానికి ఏడాది పట్టింది. మాట అర్థాన్నే మార్చేసే స్వరాలు (టోన్లు) ఆరు, వాటితో తిప్పలు ఇంకా ఉన్నాయి. పాప మాత్రం పాఠం చదివేటప్పుడు 'హెక్ ఫాన్' అంటుంది, పుస్తకం మూసి ఆకలేస్తే 'సిక్ ఫాన్' అంటుంది. దానికెవరూ రెండు వరసలు గీసి చూపించలేదు.